సూర్యలంక నుంచి గుంటూరు దాకా సముద్రపు గాలి: ఐదు స్టేషన్ల ప్రాజెక్టు డైరీ

ఎండాకాలం మధ్యాహ్నం సూర్యలంక తీరాన పుట్టిన సముద్రపు గాలి బాపట్ల, పొన్నూరు, చేబ్రోలు మీదుగా గుంటూరు చేరడానికి ఎంతసేపు పడుతుంది, ఎంత వేగంతో వస్తుంది, అది వచ్చినప్పుడు పీడనం ఎలా మారుతుంది? వీటిని కొలవడానికి కట్టిన ఐదు చిన్న స్టేషన్ల పని ఇది. ఇలాంటిదే మచిలీపట్నం నుంచి గుడివాడ వైపో, కాకినాడ నుంచి సామర్లకోట వైపో పెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని దశలవారీగా రాసిపెడుతున్నాం. పని చేసిన భాగాలు తక్కువ మాటల్లో, చెడిపోయిన భాగాలు వివరంగా ఉంటాయి.

స్టేషన్ల దూరాలు రోడ్డు కిలోమీటర్లు కావు. తీరరేఖకు లంబంగా తీసుకున్నవి, సుమారుగా: సూర్యలంక 0.5, బాపట్ల 7, పొన్నూరు 20, చేబ్రోలు 34, గుంటూరు 47. ఇక్కడ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది కాబట్టి సముద్రపు గాలి తూర్పు నుంచి కాదు, ఆగ్నేయ దక్షిణాల మధ్య నుంచి, దిక్సూచి మీద 150 డిగ్రీల చుట్టూ వస్తుంది. తూర్పు తీరమనగానే తూర్పు గాలి కోసం చూస్తే సగం రోజులు లెక్కలోకి రావు.

దశ 1: కొనేముందు వేయాల్సిన లెక్క

నేల మీది గాలి కిలోమీటరు ఎత్తు దాకా, సముద్రం మీది గాలికన్నా సగటున 4 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుందాం. అప్పుడు నేల దగ్గర పీడనం ఎంత తగ్గుతుంది?

1.15 × 9.8 × 1000 × 4 ÷ 303 = 149 పాస్కల్, అంటే సుమారు 1.5 మిల్లీబార్లు.

ఇక్కడ 1.15 గాలి సాంద్రత, 9.8 గురుత్వం, 303 కెల్విన్‌లో ఉష్ణోగ్రత. యాభై కిలోమీటర్ల మేర ఉన్న ఈ ఒకటిన్నర మిల్లీబార్ తేడానే గాలిని లోపలికి లాగుతుంది. చల్లగాలి పొర మందం 500 మీటర్లయితే, దాని ముందు అంచు స్టేషను దాటగానే పీడనం 0.75 మిల్లీబార్ పెరగాలి. మనం పట్టాల్సింది అదే.

ఇప్పుడు ఆ ముప్పావు మిల్లీబార్‌ను మింగేసేవి ఎన్ని ఉన్నాయో చూడండి.

1. ఎత్తు. మీటరుకు 0.11 మిల్లీబార్. ఏడు మీటర్ల పొరపాటు చాలు, సంకేతమంతా పోతుంది.
2. వాతావరణపు రోజువారీ ఆటుపోటు. మన అక్షాంశాల్లో పీడనం ఉదయం 10 ప్రాంతంలోను, రాత్రి 10 ప్రాంతంలోను గరిష్ఠానికి చేరుతుంది. తెల్లవారుజాము 4కి, సాయంత్రం 4కి కనిష్ఠానికి పడుతుంది. ఉదయం నుంచి సాయంత్రానికి 3 నుంచి 4 మిల్లీబార్ల తేడా మామూలే.
3. గాలి నేరుగా పెట్టెను కొట్టడం. సెకనుకు 5 మీటర్ల గాలి 0.14 మిల్లీబార్, 10 మీటర్ల గాలి 0.57 మిల్లీబార్ దాకా తప్పు చూపించగలదు.
4. సెన్సర్ వేడెక్కడం. బీఎంపీ280 అనే పీడన సెన్సర్ డేటాషీట్ ప్రకారం డిగ్రీకి 1.5 పాస్కల్ జారుతుంది. పెట్టె 25 నుంచి 55 డిగ్రీలకు పోతే 0.45 మిల్లీబార్ గల్లంతు.

ఈ జాబితాలో ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది రెండోది. ఒక్క స్టేషను పెట్టి, మధ్యాహ్నం పీడనం మూడు మిల్లీబార్లు పడిపోతే 'ఎండకు అల్పపీడనం ఏర్పడింది' అని రాసుకుంటారు. ఆ పతనంలో అధికభాగం ఆటుపోటు. మబ్బు పట్టిన రోజున కూడా అది దాదాపు అలాగే పడుతుంది. అందుకే ఈ ప్రాజెక్టులో ఏ స్టేషను పీడనాన్నీ విడిగా చూడం. ప్రతి నిమిషం సూర్యలంక పీడనం నుంచి తీసేసి తేడానే గీస్తాం. యాభై కిలోమీటర్లలో ఆటుపోటు ఒకేలా ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది.

దశ 2: సెన్సర్లు, బోర్డు

బీఎంపీ280తో మొదలైన డిజైన్‌ను బీఎంపీ390కి మార్చాం. కారణం ధర కాదు, స్థిరత్వం. 280 సాపేక్ష కచ్చితత్వం 12 పాస్కల్, 390ది 3 పాస్కల్. వేడికి జారడం 280లో డిగ్రీకి 1.5 పాస్కల్, 390లో 0.6. రెండు స్టేషన్ల తేడా తీసినప్పుడు రెండింటి తప్పులూ కలుస్తాయి కాబట్టి ఇది గట్టిగా తెలుస్తుంది.

ఉష్ణోగ్రత, తేమకు ఎస్‌హెచ్‌టీ31. పీడనం, తేమ, ఉష్ణోగ్రత మూడూ ఒకే చిప్‌లో ఇచ్చే బీఎంఈ280 వద్దు. పీడన సెన్సర్ పెట్టెలో ఉండాలి, తేమ సెన్సర్ బయటి గాలిలో ఉండాలి. రెంటినీ ఒకేచోట ఉంచితే ఏదో ఒకటి తప్పు చెబుతుంది. బోర్డు పక్కనే పెట్టిన బీఎంఈ280 బయటి గాలికన్నా మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపడం చాలా సామాన్యం.

రీడింగులు తీసి దాచే చిన్న కంప్యూటర్ బోర్డు ఈఎస్‌పీ32. వైఫై ఆపి, వేగం 80 మెగాహెర్ట్‌జ్‌కు తగ్గిస్తే సుమారు 30 మిల్లీయాంప్‌లతో నడుస్తుంది. గడియారానికి డీఎస్3231 తప్పనిసరి. ఈఎస్‌పీ32 లోపలి నిద్ర గడియారం వేడికి రోజుకు నిమిషాల్లో తప్పుతుంది. డీఎస్3231 తప్పు మామూలు ఉష్ణోగ్రతల్లో ఏడాదికి ఒక నిమిషం చుట్టుపక్కల. అంచు వేగాన్ని రెండు ఊళ్ల గడియారాల తేడాతోనే లెక్కగడతాం కదా, ఇక్కడ రెండొందలు మిగుల్చుకుంటే మిగతా ఖర్చంతా దండగ.

ఎస్‌డీ కార్డుకు ప్రతి సెకనూ రాయొద్దు. పది నిమిషాల డేటా మెమరీలో దాచి ఒకేసారి రాయాలి. లేకపోతే బ్యాటరీ మీద భారం, రాస్తుండగా కరెంటు పోతే ఫైలు మొత్తం పాడు.

ఒక్కో స్టేషనుకు గుండ్రంగా: బోర్డు ₹450, బీఎంపీ390 ₹750, ఎస్‌హెచ్‌టీ31 ₹500, గడియారం ₹200, కార్డు, దాని మాడ్యూల్ ₹400.
ఇప్పటికి మొత్తం: ₹2,300.

దశ 3: ఒకే బల్ల మీద ఐదూ

ఊళ్లకు పంపేముందు ఐదు పెట్టెలనూ ఒకే గదిలో, ఒకే ఎత్తున, మూడు రోజులు నడపాలి. దీన్ని దాటేస్తే తర్వాత సరిచేయడానికి దారి లేదు.

1. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, రాత్రీ పగలూ నిమిషానికో రీడింగ్.
2. ఐదింటి సగటును ప్రమాణంగా తీసుకుని ఒక్కోదాని తేడా రాసుకోవాలి.
3. ఆ తేడా పెట్టె ఉష్ణోగ్రతతో మారుతోందేమో గ్రాఫు గీయాలి. వాలు ఉంటే అది కూడా సవరణలో చేరాలి. గది ఒక్కటే అయితే ఉష్ణోగ్రత పరిధి చాలదు. ఒక పూట పెట్టెలన్నింటినీ రేకుల షెడ్డు కింద పెడితే 45 డిగ్రీల దాకా వాలు తెలుస్తుంది.
4. తేమకు ఉప్పు పరీక్ష. మూత గట్టిగా పట్టే గాజు సీసాలో ఉప్పును తడి ముద్దలా కలిపి, సెన్సర్‌ను దానికి తగలకుండా వేలాడదీసి 12 గంటలు ఉంచాలి. 25 డిగ్రీల దగ్గర 75 శాతం చూపాలి.

నాలుగో మెట్టులో కల్లుప్పు వాడొద్దు. దాంట్లో మెగ్నీషియం క్లోరైడ్ కలిసి ఉంటుంది, అది తేమను కిందికి లాగుతుంది. ప్రయోగశాలకు అమ్మే శుద్ధమైన సోడియం క్లోరైడ్ చిన్న డబ్బా చాలు. సీసాను ఎండ పడేచోట పెడితే ఉష్ణోగ్రత ఊగి సంఖ్య నిలవదు. పాత దుప్పటి చుట్టి అలమరలో పెట్టండి.

దశ 4: ఎత్తులు

ఫోన్ జీపీఎస్ చూపే ఎత్తులో 5 నుంచి 10 మీటర్ల తప్పు మామూలు. అంటే 0.6 నుంచి 1.1 మిల్లీబార్. మన సంకేతంకన్నా పెద్దది. గుంటూరు ఎత్తు సుమారు 30 మీటర్లు కాబట్టి ఎత్తు వల్లే తీరంకన్నా అక్కడ పీడనం సుమారు 3.4 మిల్లీబార్లు తక్కువ ఉంటుంది. ఆ 3.4ని సరిగ్గా తీసేయడం మీదే అంతా ఆధారపడింది.

పనికొచ్చిన పద్ధతి రైల్వే బోర్డు. స్టేషను పేరు రాసిన పసుపుపచ్చ బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు ఉంటుంది. బాపట్లలో, పొన్నూరుకు నిడుబ్రోలులో, గుంటూరులో అది దొరుకుతుంది.

1. బ్యాటరీతో నడిచే ఒక పీడన సెన్సర్‌ను బోర్డు దగ్గర రెండు నిమిషాలు ఉంచి రీడింగ్ తీయాలి.
2. మన స్టేషను దగ్గరికెళ్లి మళ్లీ రెండు నిమిషాలు.
3. తిరిగి బోర్డు దగ్గరికొచ్చి మూడోసారి.
4. మొదటి, మూడో రీడింగుల సగటుకూ రెండోదానికీ ఉన్న తేడాను 0.11తో భాగిస్తే మీటర్లు వస్తాయి.

ఈ పని మధ్యాహ్నం ఒంటిగంటకు చేస్తే చెడుతుంది. ఆ వేళ ఆటుపోటు గంటకు 0.8 మిల్లీబార్ వేగంతో దిగుతుంటుంది. ఇరవై నిమిషాల నడకలో అది రెండు మీటర్లకు పైగా ఎత్తుతో సమానం; వెళ్లడానికి, రావడానికి పట్టిన సమయాలు సమానంగా లేకపోతే సగటు దాన్ని పూర్తిగా తీసేయదు. పగటిపూట పీడనం నిలకడగా ఉండేది ఉదయం 10, సాయంత్రం 4 ప్రాంతాల్లోనే, అప్పుడే చేయాలి. రైలు స్టేషను దగ్గర లేని చేబ్రోలుకు మాత్రం వేరే దారి: గాలి పూర్తిగా పడిపోయిన రాత్రుల్లో, 2 నుంచి 4 గంటల మధ్య, పొన్నూరు, గుంటూరు పీడనాల మధ్యలో చేబ్రోలు కూర్చునేలా ఎత్తును సర్దాలి.

ఇంకో మెలిక. ఎత్తు సవరణ స్థిరసంఖ్య కాదు. వేడి గాలి తేలిక కాబట్టి 30 మీటర్ల సవరణ 30 డిగ్రీల దగ్గర ఒకటి, 40 డిగ్రీల దగ్గర 0.11 మిల్లీబార్ తక్కువ. గుంటూరు సవరణను ప్రతి నిమిషం అక్కడి ఉష్ణోగ్రతతో లెక్కించాలి. చేయకపోతే మధ్యాహ్నాలు లేని పీడనభేదం కనిపిస్తుంది.

దశ 5: గాలి తగలని పీడనం, ఎండ తగలని ఉష్ణోగ్రత

పెట్టెకు మామూలు చిల్లు పెట్టి ఊరుకుంటే, గాలి ఆ చిల్లువైపు తిరిగినప్పుడల్లా పీడనం గెంతుతుంది. అంచు వచ్చినప్పుడు గాలి దిక్కు మారుతుంది కాబట్టి ఆ గెంతు సరిగ్గా మనకు కావలసిన క్షణంలోనే వస్తుంది, నిజమైన గెంతులాగే కనబడుతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన తప్పు ఈ ప్రాజెక్టులో లేదు.

మార్చింది: 12 సెంటీమీటర్ల వ్యాసమున్న రెండు గుండ్రటి బిళ్లలు, మధ్య 2 సెంటీమీటర్ల ఖాళీ. కింది బిళ్ల నడిమధ్య చిన్న చిల్లు, దాని నుంచి 4 మిల్లీమీటర్ల సిలికాన్ గొట్టం పెట్టెలోకి. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా బిళ్లల మధ్యగా అడ్డంగా పోతుంది, చిల్లులోకి దూరదు. పెట్టెకు ఇంకెక్కడా రంధ్రం ఉండకూడదు. పరీక్ష సులువు: బిళ్లల మీద టేబుల్ ఫ్యాను తిప్పితే రీడింగ్ 0.05 మిల్లీబార్‌కన్నా ఎక్కువ కదలకూడదు.

గొట్టాన్ని పెట్టెలోకి పోయేముందు కిందికి వంచి, వంపు అడుగున సూది బెజ్జం పెట్టండి. పెట్టకపోతే తెల్లవారుజామున నీటిచుక్క చేరి గొట్టం మూసుకుపోతుంది. మూసుకుపోయిందని ఎలా తెలుస్తుంది? పెట్టె ఉష్ణోగ్రతతోపాటు పీడనమూ ఎక్కుతుంటుంది. గాలి అసలు చొరబడని పెట్టె అయితే 10 డిగ్రీలకు 33 మిల్లీబార్లు పెరగాలి. మామూలు పెట్టెలు కాస్త కారుతాయి కాబట్టి అంత రాదు గాని, ఎండతోపాటు ఎక్కే పీడనం ఎక్కడ కనబడినా ముందు గొట్టం చూడండి. కందిరీగల మట్టిగూడు ఇంకో కారణం. గొట్టం కొసన సన్నని స్టీలు జల్లెడ ముక్క కట్టాలి.

ఉష్ణోగ్రతకు పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్లేలు ఎనిమిది, మధ్యలో కోసి, బోల్టులతో ఎడం పెట్టి బోర్లించిన దొంతర. గాలి లేని మధ్యాహ్నం ఇది ఒక్కటే చాలదు, రెండు డిగ్రీల దాకా ఎక్కువ చూపుతుంది. అంచు వచ్చి గాలి ఊపందుకోగానే దొంతర చల్లబడి, గాలి ఉష్ణోగ్రత నిజంగా తగ్గినదానికన్నా ఎక్కువ తగ్గినట్టు కనిపిస్తుంది. కింద 40 మిల్లీమీటర్ల 5 వోల్టుల ఫ్యాను పెట్టి గాలిని పైకి లాగితే ఆ తప్పు అర డిగ్రీ లోపుకు వస్తుంది. ఉదయం 6 నుంచి రాత్రి 8 దాకా నడిపితే చాలు.

ఫ్యాను చెడిపోయినా నిలబడే సంఖ్య ఒకటుంది: డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. సెన్సర్ రెండు డిగ్రీలు వేడెక్కితే తేమ శాతం ఆ మేరకు తగ్గి చూపుతుంది. రెంటినీ కలిపి లెక్కగడితే వచ్చే డ్యూ పాయింట్ మారదు, ఎందుకంటే గాలిలోని నీటి ఆవిరి మారలేదు. మా దృష్టిలో అంచును పట్టడానికి అన్నిటికన్నా నమ్మదగిన కొలత ఇదే. లెక్క ఇలా:

క = సహజ లాగరిథం (తేమ ÷ 100) + 17.62 × ఉష్ణోగ్రత ÷ (243.12 + ఉష్ణోగ్రత)
డ్యూ పాయింట్ = 243.12 × క ÷ (17.62 − క)

బిళ్లలు, గొట్టం ₹150, పళ్లేలు, బోల్టులు ₹350, ఫ్యాను ₹200, చిన్న సామాన్లు ₹100.
ఇప్పటికి మొత్తం: ₹3,100.

దశ 6: కరెంటు

18650 లిథియం సెల్స్ తీసేశాం. ఎండలో మూసిన పెట్టె లోపల వేడి వాటికి పడదు. వాటి స్థానంలో యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ బ్యాటరీ, 10 వాట్ల ప్యానెల్, చిన్న చార్జ్ కంట్రోలర్.

రోజు ఖర్చు: ఫ్యాను 0.5 వాట్ × 14 గంటలు = 7 వాట్-అవర్. బోర్డు 0.15 వాట్ × 24 = 3.6. కన్వర్టర్ నష్టం కలిపి సుమారు 12.5. బ్యాటరీలో సగమే వాడతామనుకున్నా 42 వాట్-అవర్లు, అంటే మబ్బు పట్టినా మూడు రోజులు. బ్యాటరీని సెన్సర్ పెట్టెలో కాకుండా నీడలో వేరే డబ్బాలో ఉంచాలి.

సూర్యలంకలో అసలు శత్రువు ఉప్పు. జంపర్ వైర్ల పిన్నులు పచ్చగా మారి రీడింగులు ఆగిపోతాయి. ప్రతి కలయికా టంకం వేసి, బోర్డు మీద పారదర్శక వార్నిష్ పూత పూయాలి. పీడన సెన్సర్ పైనున్న చిల్లు మీద, తేమ సెన్సర్ కిటికీ మీద మాత్రం పూత పడకూడదు. తేమ సెన్సర్ మీద ఉప్పు చేరితే 75 శాతం దాటాక అది నీటిని లాక్కుని, ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. తీర స్టేషనుకు మార్చుకోవడానికి ఇంకో ఎస్‌హెచ్‌టీ31 చేతిలో ఉంచుకోండి.

ప్యానెల్ ₹700, బ్యాటరీ ₹1,100, కంట్రోలర్ ₹300, కన్వర్టర్ ₹100, పెట్టె ₹400.
ఇప్పటికి మొత్తం: ₹5,700. ఐదు స్టేషన్లకు ₹28,500.

దశ 7: గాలి దిక్కు, వేగం

ఖర్చు చూసి గాలి కొలత బాపట్ల, పొన్నూరు, గుంటూరుల్లోనే పెట్టాం. వాడింది బజారులో దొరికే మూడు గిన్నెల సెట్టు: వేగానికి గాలికి తిరిగే గిన్నెలు, దిక్కుకు వేన్. సెకనుకు ఒక పల్స్ అంటే గంటకు 2.4 కిలోమీటర్లు. ఇక్కడ నాలుగు చోట్ల చెడుతుంది.

1. గిన్నెలు తిరిగినప్పుడు పల్స్ ఇచ్చే రీడ్ స్విచ్ ఒకసారి మూసుకుంటే రెండు మూడు పల్సులుగా లెక్కపడుతుంది. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి, కోడ్‌లో 10 మిల్లీసెకన్ల లోపు వచ్చే రెండో పల్స్‌ను వదిలేయాలి. గంటకు 100 కిలోమీటర్ల గాలిలోనూ పల్సుల మధ్య 24 మిల్లీసెకన్లుంటాయి కాబట్టి నిజమైనవి పోవు.
2. దిక్కు చెప్పే వేన్ వోల్టేజీని ఈఎస్‌పీ32 నేరుగా చదివితే వోల్టేజీ పరిధి కొసల దగ్గర వంకరగా చదువుతుంది, పక్కపక్క దిక్కులు కలిసిపోతాయి. వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీఎస్1115 చిప్ పెట్టాక 16 దిక్కులూ విడివిడిగా వచ్చాయి.
3. దిక్కులను మామూలుగా సగటు చేయకూడదు. 350, 10 డిగ్రీల సగటు 180 అని వస్తుంది, అంటే ఉత్తరపు గాలి దక్షిణపు గాలైపోతుంది. ప్రతి రీడింగ్‌నూ తూర్పు-పడమర, ఉత్తర-దక్షిణ భాగాలుగా విడగొట్టి, వాటిని సగటు చేసి, మళ్లీ దిక్కుగా మార్చాలి.
4. వేన్ ఉత్తరం గుర్తును ఫోన్ దిక్సూచితో, ఇనుప పైపు పక్కన నిలబడి పెడితే తప్పుతుంది. ఐదడుగులు దూరం జరిగి, దూరంగా కనిపించే సెల్ టవరునో గుడి గోపురాన్నో గురిగా పెట్టుకుని మ్యాపులో కోణం సరిచూడాలి.

ఆరు మీటర్ల జీఐ పైపు, మూడు స్టే వైర్లు, ఒక అంతస్తు డాబా మీద. చుట్టుపక్కల ఉన్న దేని ఎత్తుకైనా పది రెట్ల దూరం ఉండాలన్నది నియమం, ఊరి మధ్య అది కుదరదు. మనకు వేగంకన్నా దిక్కు మారిన నిమిషం ముఖ్యం కాబట్టి, ఆగ్నేయ దక్షిణాల వైపు మాత్రం వాటర్ ట్యాంకు, కొబ్బరిచెట్టు అడ్డం రాని డాబా వెతికితే చాలు.

గాలి సెట్టు ₹4,500, ఏడీఎస్1115 ₹250, పైపు, వైర్లు ₹2,250, మొత్తం ₹7,000. మూడు చోట్లకు ₹21,000.
ఇప్పటికి మొత్తం: ₹49,500.

దశ 8: అంచు వచ్చిందని ఎలా తేల్చాలి

ఉష్ణోగ్రత పడిపోయిన క్షణాన్ని అంచుగా తీసుకుంటే బాపట్లలో పనిచేస్తుంది, గుంటూరులో చేయదు. అక్కడికి గాలి చేరేది సాయంత్రం, అప్పటికి ఎండ తగ్గి ఉష్ణోగ్రత ఎలాగూ దిగుతుంటుంది. ఒక మబ్బు నీడ కూడా మోసం చేస్తుంది. అందుకని నియమాలను ఇలా మార్చాం, వరుస కూడా ముఖ్యమే:

1. తర్వాతి పది నిమిషాల డ్యూ పాయింట్ సగటు, ముందు పది నిమిషాలకన్నా 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి.
2. ఆ తర్వాత కనీసం 20 నిమిషాలు గాలి 90 నుంచి 210 డిగ్రీల మధ్యే ఉండాలి.
3. సూర్యలంకతో ఉన్న పీడనభేదం అరగంటలో కనీసం 0.2 మిల్లీబార్ తగ్గాలి.
4. ఉష్ణోగ్రత కనీసం పెరగడం ఆగాలి.

రెండో నియమం మొక్కజొన్న చేల కోసం. వరి కోసిన డెల్టా పొలాల్లో మార్చిలో మొక్కజొన్నకు తడి పెడుతుంటారు. పక్క చేలో తడి పెట్టిన రోజున పడమటి గాలిలోనే డ్యూ పాయింట్ రెండు మూడు డిగ్రీలు ఎక్కుతుంది. గాలి కొలత లేని చేబ్రోలులో దీన్ని విడదీయడానికి అటూ ఇటూ ఉన్న పొన్నూరు, గుంటూరు సమయాల మధ్యలో పడిందా లేదా అని చూస్తాం.

ఈ నియమాలు సూర్యలంకలో పనిచేయవు. గాలి పుట్టేదే అక్కడ కాబట్టి మామూలు రోజుల్లో అది నెమ్మదిగా ఊపందుకుంటుంది, డ్యూ పాయింట్ పొద్దుటినుంచీ 25 దగ్గరే ఉంటుంది. ఆ స్టేషన్‌ను పీడనానికి ప్రమాణంగానే ఉంచాం. వడగాలి తీరం దాటి సముద్రం మీదికి పోయిన రోజుల్లో మాత్రం అక్కడా అంచు పదునుగా కనిపిస్తుంది.

పదును అనేది ఎదురుగాలి మీద ఆధారపడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో మామూలు గాలే దక్షిణం నుంచి ఉంటే సముద్రపు గాలి దాంట్లో కలిసిపోయి, గ్రాఫులో అంచు కనపడక వాలుగా పోతుంది. మేలో పడమటి గాలి ఎదురైతే వేడి పొడిగాలి, చల్లని తడిగాలి ఒకచోట ఢీకొని అంచు కత్తిరించినట్టుంటుంది, కానీ ఆలస్యంగా వస్తుంది. ఎదురుగాలి సెకనుకు 6 నుంచి 8 మీటర్లు దాటితే తీరంలోనే ఆగిపోవచ్చు. జూన్‌లో రుతుపవనాల పడమటి గాలి బలపడ్డాక ఈ కొలత ఆపేయడమే మేలు.

దశ 9: గ్రాఫు ఏం చెబుతుంది

లెక్క ఎలా వేయాలో చూపడానికి, మేలో ఎదురుగాలి మధ్యస్థంగా ఉన్న రోజుకు సరిపోయే నమూనా వరుస: బాపట్ల 12:40, పొన్నూరు 14:10, చేబ్రోలు 15:35, గుంటూరు 16:35.

- బాపట్ల నుంచి పొన్నూరు: 13 కిలోమీటర్లు, 90 నిమిషాలు, సెకనుకు 2.4 మీటర్లు.
- పొన్నూరు నుంచి చేబ్రోలు: 14 కిలోమీటర్లు, 85 నిమిషాలు, 2.7 మీటర్లు.
- చేబ్రోలు నుంచి గుంటూరు: 13 కిలోమీటర్లు, 60 నిమిషాలు, 3.6 మీటర్లు.

పొద్దు వాలేకొద్దీ అంచు వేగం పుంజుకుంటుంది. మధ్యాహ్నం నేల నుంచి లేచే వేడి గాలి చల్లపొరను చిలికి పలుచన చేస్తుంది, ఆ చిలకడం తగ్గగానే పొర ఒద్దికగా ముందుకు జారుతుంది.

పీడనం ఇక్కడ తన విలువ చూపిస్తుంది. గెంతు 74 పాస్కల్ అనుకోండి. దాన్ని 1.15తో భాగించి వర్గమూలం తీస్తే సెకనుకు 8 మీటర్లు. దాన్ని 0.7తో గుణించి, ఎదురుగాలిలో అరవై శాతం తీసేయాలి. ఎదురుగాలి 4 మీటర్లయితే 5.6 − 2.4 = 3.2 మీటర్లు. ఊళ్ల మధ్య సమయాలతో వచ్చిన వేగానికి ఇది దగ్గరగా ఉంటే పీడన కొలత సరిగ్గా ఉన్నట్టు. రెండింతల తేడా వస్తే ముందు గొట్టం, తర్వాత ఎత్తు సవరణ చూడండి. ఆ 0.7 స్థిరం కాదు, 0.6 నుంచి 0.9 దాకా వాడవచ్చు.

అంచు దాటాక గాలి మెల్లగా కుడివైపు తిరుగుతుంది: మధ్యాహ్నం ఆగ్నేయం, సాయంత్రానికి దక్షిణం. భూభ్రమణం వల్ల వచ్చే మలుపు ఇది. 16 డిగ్రీల అక్షాంశంలో ఆరు గంటల్లో యాభై డిగ్రీల దాకా తిరిగే అవకాశముంది. వేన్ ఉత్తరం గుర్తు సరిగ్గా ఉందో లేదో ఈ మలుపే చెప్పేస్తుంది.

మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రాల్లో ఈ అంచు కనబడుతుందేమోనని చూసేవాళ్లకు ఒక లెక్క. బాపట్ల అక్కడికి సుమారు 77 కిలోమీటర్లు. అర డిగ్రీ కోణంలో పోయే రాడార్ కిరణం, భూమి వంపు కలిపి, బాపట్ల మీద దాదాపు కిలోమీటరు ఎత్తున పోతుంది. మన చల్లపొర దాని కింద ఉంటుంది. రాడార్ ఖాళీగా ఉందని అంచు రాలేదనుకోవద్దు.

ఉరుముల గాలి వచ్చిన రోజులను వేరు చేయాలి. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుముల మేఘం కింద కుప్పకూలిన చల్లగాలి చిన్న అధికపీడనంలా పరచుకుంటుంది. పీడనం పది నిమిషాల్లో 1 నుంచి 3 మిల్లీబార్లు గెంతుతుంది, ఉష్ణోగ్రత ఒక్కసారిగా కూలుతుంది. తేలికైన గుర్తు వరుస: లోపలి మేఘం నుంచి వచ్చేది ముందు గుంటూరులో, తర్వాత పొన్నూరులో, చివర బాపట్లలో కనిపిస్తుంది. ఆ రోజు డేటాను సముద్రపు గాలి ఫైలులో కలపకండి.

పొలంలో, ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్ల కోసం ఈ డేటా వాడేవాళ్లు ఈ కింది లెక్కను తప్పకుండా చూడాలి. అంచుకు ముందు 41 డిగ్రీలు, 25 శాతం తేమ: డ్యూ పాయింట్ 17. దాటాక 34 డిగ్రీలు, 62 శాతం: డ్యూ పాయింట్ 25.7. థర్మామీటర్ ఏడు డిగ్రీలు దిగింది. కానీ తడిగుడ్డ ఉష్ణోగ్రత (థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి కొలిచేది) సుమారు 25 నుంచి 28కి ఎక్కింది. నీడలో పనివేడి సూచీని తడిగుడ్డ ఉష్ణోగ్రతకు 0.7, మామూలు ఉష్ణోగ్రతకు 0.3 ఇచ్చి లెక్కిస్తే ముందూ, తర్వాతా దాదాపు 29.8. శరీరానికి ఏమీ తగ్గలేదు. 'గాలి తిరిగింది, ఇక పని మొదలెట్టొచ్చు' అని మేస్త్రీలు అనే వేళ ఇది. డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ఒక్కటే చూపించడం మానేసి, ఈ సూచీని పెద్ద అంకెల్లో పెట్టాం. గాలి వేగం వల్ల కొంత ఊరట నిజమే, అది ఆరుబయట ఉన్నవాళ్లకే. గోడల మధ్య పనిచేసేవాళ్లకు అదీ లేదు.

దశ 10: రాత్రి గాలి, ఇంకా మిగిలింది

తెల్లవారుజామున నేల నుంచి సముద్రంవైపు పోయే గాలి సెకనుకు ఒకటి రెండు మీటర్లే, పొర కూడా పలుచన. చవక గిన్నెలు తిరగడం మొదలెట్టేదే దాదాపు ఒక మీటరు దగ్గర. గ్రాఫులో సున్నా వస్తుంది, వేన్ మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడే నిలిచి పాత దిక్కు చూపుతుంటుంది. వేగం 0.7 మీటర్లకన్నా తక్కువున్న నిమిషాల్లో దిక్కును ఖాళీగా వదిలేసేలా కోడ్ మార్చాం. ఇలా చేయకముందు రాత్రంతా దక్షిణపు గాలి వీచినట్టు పట్టికలు వచ్చేవి.

తర్వాత చేయాల్సినవి:

1. బాపట్లలో కదిలే భాగాలు లేని అల్ట్రాసోనిక్ గాలి సెన్సర్. మూడు గిన్నెల సెట్టుకు ఇది చాలా రెట్లు ఖరీదు, అందుకే ఒక్కచోటే.
2. పీడనాన్ని సెకనుకు ఒకసారి దాచడం. ఎండిన పొలాల్లో లేచే సుడిగాలి దగ్గరగా పోతే పీడనం కొన్ని సెకన్లే పడుతుంది, నిమిషం సగటులో అది మాయమవుతుంది.
3. సీజను చివర ఐదు పెట్టెలనూ మళ్లీ ఒకే బల్ల మీదికి తెచ్చి దశ 3 మొత్తం తిరిగి చేయడం. ఏ సెన్సర్ అయినా 0.1 మిల్లీబార్‌కన్నా ఎక్కువ జారి ఉంటే, ఆ స్టేషను పీడనాన్ని వదిలేసి డ్యూ పాయింట్ సమయాలను మాత్రం ఉంచుకోవడం.